పట్టీలో 20 డిగ్రీలు, గట్టు మీద 60

మైపాడు దారిలో నాది మోటారు వైండింగ్ షాపు. రోహిణి కార్తె వచ్చిందంటే రొయ్యల చెరువుల ఏరియేటర్ మోటార్లు వరుస కడతాయి. "పోయిన నెలే గదన్నా కట్టిచ్చింది!" అంటాడు రైతు. విప్పితే వార్నీషు కమురు వాసన. ఫేజు పోయి కాలిన మోటారులో కొన్ని కాయిళ్లు నల్లబడినా కొన్ని ఎర్రగానే ఉంటాయి. ఈ ఏరియేటర్ మోటార్లలో మాత్రం మూడు ఫేజులూ ఒకేలా మాడి ఉంటాయి. వోల్టేజి తక్కువై, అదే బరువు తిప్పడానికి ఎక్కువ కరెంటు లాగిన మోటారు ఇలాగే మాడుతుంది.

ఆ వోల్టేజి చాలాసార్లు చెరువు గట్టు మీదే పోతోంది. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి 400 మీటర్లు, 16 చదరపు మిల్లీమీటర్ల నల్లటి అల్యూమినియం కేబుల్, ఎండలో పరిచి ఉంటుంది. మిగిలింది చుట్ట చుట్టి స్టార్టర్ పక్కన పడేస్తారు. మధ్యాహ్నం ఆ చుట్ట మీద చెయ్యి పెట్టలేం.

లోహం వేడెక్కేకొద్దీ అందులోని పరమాణువులు ఎక్కువగా అదురుతాయి, ఎలక్ట్రాన్ల దారికి అడ్డం పడతాయి. రాగికైనా అల్యూమినియానికైనా డిగ్రీకి సుమారు 0.4 శాతం నిరోధం పెరుగుతుంది. కేబుల్ పట్టీలో రాసేది మాత్రం 20 డిగ్రీల దగ్గరి అంకె: కిలోమీటరుకు 1.91 ఓములు. ఆ లెక్కన ఏరియేటర్లన్నీ కలిసి 30 ఆంపియర్లు లాగితే దారిలో 32 వోల్టులు పోతాయి. తీగ 60 డిగ్రీలకు చేరితే 37. మే నెలలో మన గట్ల మీద 20 డిగ్రీలు ఎక్కడున్నాయి?

మోటారు లోపలా ఇదే కథ. పొద్దున 32 డిగ్రీల దగ్గర 4 ఓములు చూపిన కాయిల్, ఆడించి ఆపగానే 5.2 చూపిస్తే లోపల 110 డిగ్రీలు దాటినట్టు. థర్మామీటరు దూరని చోట రాగి తీగే జ్వరం చెబుతుంది.

చవక మోటారు కొన్నావని రైతును తిట్టడం అన్యాయం. ఒకప్పుడు నేనూ తిట్టాను. ఒకాయనకు ఒకే మోటారు మూడుసార్లు కట్టాక గానీ కేబుల్ చూడ్డానికి వెళ్లలేదు. అప్పటికే ఒక తెల్లారుజామున ఏరియేటర్లు ఆగి, ఊపిరాడక రొయ్యలు నీటిపైకి తేలాయి. తర్వాత 25 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ వేయించాం. దాని నిరోధం కిలోమీటరుకు 1.20 ఓములు, 60 డిగ్రీల్లోనూ 1.4 దాటదు. 16 కేబుల్ చల్లగా ఉన్నప్పటికన్నా తక్కువే.

అమ్మేవాళ్లు పట్టీలో వేడి తీగ అంకె కూడా తెలుగులో రాయాలి. కనెక్షన్ ఇచ్చేవాళ్లు ట్రాన్స్‌ఫార్మర్లను చెరువుల మధ్యకు తేవాలి. వాటికి సమయం పడుతుంది. స్టార్టర్ పక్కనున్న ఆ చుట్టను మాత్రం, కరెంటు ఆపి, ఈ రోజే విప్పి నీడలో పరచండి.