ఎఫెసు నాటకశాల, మన సినిమా హాలు



ఈమధ్య ప్రార్థన మనవుల్లో ఒకటి పదేపదే వినిపిస్తోంది. "మావాడికి హీరో పిచ్చి పట్టింది అయ్యగారూ, వాడి విడుదల కోసం ప్రార్థన చేయండి" అని తల్లులు అడుగుతున్నారు. కొడుకూ విడుదల కోసమే ఎదురుచూస్తున్నాడు, కాకపోతే సినిమా విడుదల కోసం. ఆ కొడుకులు యవ్వనస్థుల కూడికలో నన్ను అడిగేది ఒకటే ప్రశ్న. "సినిమా చూడటం పాపమా, కాదా? ఒక్క మాటలో చెప్పండి."

ఒక్క మాటలో చెప్పను. ఆ ప్రశ్నే సరైనది కాదు. చూడటం గురించి అడుగుతున్నారు గాని, మన నందిగామ, జగ్గయ్యపేట పల్లెల్లో పిల్లల్ని పట్టుకున్నది చూడటం కాదు, మొక్కటం.

ముందు ప్రసంగ వేదికల మీదినుంచి వినిపించే మాట సంగతి చూద్దాం. "సినిమా సాతాను పెట్టె, పాటలు సాతాను పాటలు, బొమ్మల పుస్తకాలు కాలక్షేపం" అని గొంతు చించుకునేవాళ్లు మనలో ఉన్నారు. వాళ్లని ఒకటి అడుగుతాను. 1978లో వచ్చిన కరుణామయుడు సినిమా కాదా? విజయచందర్ యేసు వేషం కట్టిన ఆ చిత్రాన్ని ఊరూరా తెరలు కట్టి చూపించారు. చదవటం రాని అమ్మలు మట్టిలో కూర్చుని సిలువ దృశ్యం చూసి ఏడ్చారు. మరి పాటలో? పురుషోత్తమ చౌధరి గారు 19వ శతాబ్దంలో కీర్తనలు కట్టినప్పుడు ఈ దేశపు రాగాలూ తాళాలూ తీసుకున్నారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట పైన రాగం పేరు కనబడుతుంది. జాతరలో మోగిన డప్పే ఈరోజు మన ఆరాధనలో మోగుతోంది. చందమామ చదివి అక్షరాలు కూడబలుక్కోవటం నేర్చుకున్నవాళ్లే తరవాత బైబిలు చదివారు. బొమ్మ, పాట, కథ మనకు శత్రువులు కావు. ప్రభువే కథలు చెప్పాడు.

అయితే గొడవ ఎక్కడుంది? అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయం తీయండి. క్రొత్త నిబంధనలో నాటకశాల ఒకటి కనబడేది అక్కడే. ఎఫెసు పట్టణంలోని ఆ నాటకశాల శిథిలాలు ఈనాటికీ టర్కీ దేశంలో ఉన్నాయి. 20 వేలకు పైగా జనం పట్టే రాతిమెట్ల కట్టడం అది. ఆ రోజు అక్కడ నాటకం ఆడలేదు. జనం దొమ్మీగా లోపలికి దూసుకుపోయి, తమ అర్తెమిదేవి పేరు పెట్టి దాదాపు రెండు గంటలసేపు ఒకటే కేక వేశారు. ఒకరు ఒకటి అరుస్తున్నారు, ఇంకొకరు ఇంకొకటి అరుస్తున్నారు. అసలు తాము ఎందుకు అక్కడికి వచ్చారో వాళ్లలో ఎక్కువమందికి తెలియదని లూకా రాశాడు.

మొదటి రోజు మొదటి ఆట దగ్గర నిలబడి చూసినవాళ్లకి నేనేమీ విడమరచి చెప్పక్కర్లేదు. ఈలలు, కాగితాలు, డప్పులు, కటౌటుకు పాలాభిషేకం. తెర మీద మాట ఒక్కటి వినబడదు. వినటానికి వచ్చినవాళ్లు తక్కువ. కేక వేయటానికి వచ్చినవాళ్లు ఎక్కువ.

ఆ అధ్యాయంలోనే ఇంకో మనిషి ఉన్నాడు. దేమేత్రి అనే కంసాలి. అర్తెమిదేవి వెండి గుళ్లు చేయించి అమ్మేవాడు. కేక వేసింది జనమే గాని, ఆ మంట రాజేసింది అతను. తనతోటి పనివాళ్లని పోగేసి అతను మొదట మాట్లాడింది తమ రాబడి గురించి. దేవి గొప్పతనం ఆ తరవాత వచ్చింది. జనం భక్తి వెనక ఒక దుకాణం ఉంది. ఈనాటి దుకాణం కూడా చూడండి. 2025 సెప్టెంబరులో ఒక పెద్ద సినిమా ముందస్తు ఆటకి మన రాష్ట్రంలో 1,000 రూపాయల టికెట్టుకు ప్రభుత్వమే అనుమతి ఇచ్చింది. మిరపకోతకి వెళ్లే తల్లికి అది రెండు మూడు రోజుల కూలి. ఎండలో వంగి, చేతులు మండుతుంటే కోసిన కాయల డబ్బు అది. కొడుకు ఆ డబ్బుతో అర్ధరాత్రి ఆట చూసి, తెల్లారి "మొదట చూసింది నేనే" అని ఫోనులో పెడతాడు. కొన్నాళ్లు ఆగితే అదే సినిమా మామూలు రేటుకి చూడొచ్చు. ఆగలేకపోవటాన్నే ఆ దుకాణం అమ్ముకుంటోంది.

"ఏదో సరదా అయ్యగారూ, వయసులో ఉన్నారు, ఎవరికి నష్టం?" అంటారు. లెక్క చెబుతాను. 2020 సెప్టెంబరు 1 రాత్రి, కుప్పం దగ్గర ఒక హీరో పుట్టినరోజుకి ఫ్లెక్సీ కడుతూ కరెంటు తగిలి ముగ్గురు చనిపోయారు. 2023 జూలైలో పక్కనే ఉన్న పల్నాడు జిల్లాలో ఇంకో హీరో పుట్టినరోజుకి ఫ్లెక్సీ కడుతూ ఇద్దరు విద్యార్థులు అలాగే పోయారు. 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాదు సంధ్య థియేటరు దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది, ఆమె చిన్న కొడుకు చావు అంచుదాకా వెళ్లాడు. అందులో ఏ హీరో తప్పు ఎంత అని తేల్చటం నా పని కాదు, దానికి కోర్టులున్నాయి. నేనడిగేది ఒకటే. ఆ ఇళ్లలో దీన్ని సరదా అనగలరా?

ఇంకో నష్టం ఉంది. దాన్ని ఎవరూ పైకి అనరు. ఏ హీరోది ఏ కులమో మన ఊళ్లలో పదేళ్ల పిల్లవాడికి తెలుసు. ఫలానా హీరో "మావాడు" అని పెద్ద కులాలవాళ్లు చెప్పుకుంటారు. ఆ హీరో జెండా మోసేది మన పల్లె కుర్రాడు. అవతలి హీరో జెండా మోసేది కూడా అలాంటి కూలి ఇంటి కుర్రాడే. వీళ్లిద్దరూ ఫోనుల్లో ఒకరి తల్లిని ఒకరు తిట్టుకుంటారు, బస్టాండు దగ్గర ఫ్లెక్సీ చింపారని తన్నుకుంటారు. ఆదివారం వచ్చేసరికి ఇద్దరూ ప్రభువు బల్ల దగ్గర ఒకే రొట్టెలో చెయ్యి వేస్తారు. క్రీస్తులో యూదుడని గ్రీసుదేశస్థుడని తేడా లేదని గలతీయులకు పౌలు రాసింది మనం ఎన్నిసార్లు చదివాం! కులం గోడ దాటించే సువార్త మన చేతిలో ఉండగా, ఇంకొకరి కులగౌరవానికి మన పిల్లలు గోడలు కడుతున్నారు.

ఇంతవరకు చాలామంది "ఆమేన్" అంటారు. ఇప్పుడు చెప్పేదానికి కూడా అనండి.

ఈ పిల్లలు అక్కడికి ఎందుకు వెళ్లారు? అభిమానాన్ని కుర్రచేష్ట అని కొట్టిపారేయకండి. మన జిల్లా పేరే చూడండి. 2022 ఏప్రిల్ 4న కృష్ణా జిల్లాని విడదీసినప్పుడు మన మెట్ట మండలాలు ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాయి. నిమ్మకూరులో పుట్టి, తెర మీద రాముడుగా కృష్ణుడుగా జనం గుండెల్లో నిలిచి, 1982 మార్చి 29న పార్టీ పెట్టి, 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయిన మనిషి పేరు అది. అభిమానం అంత పని చేయగలదు. అది మంచికీ పనికొస్తుంది. 1998లో చిరంజీవి పేరుతో రక్తనిధి మొదలైంది. ఆనాటినుంచి ఎంతోమంది అభిమానులు ముక్కూ మొహం తెలియనివాళ్ల కోసం చెయ్యి చాపి రక్తం ఇచ్చారు. హైదరాబాదు రోడ్డు మీద రోజూ ప్రమాదాలు చూసే మన సంఘాల్లో, రక్తం విలువ గురించి రోజూ పాడే మన సంఘాల్లో, రక్తం ఇచ్చినవాళ్లు ఎంతమంది?

నందిగామ నుంచి చిల్లకల్లు మీదుగా జగ్గయ్యపేట దాకా వెళ్లేటప్పుడు హీరో ఫ్లెక్సీ కనబడితే పైన ఉన్న పెద్ద మొహం చూడకండి. కింద వరసగా ఉన్న చిన్న ఫొటోలు చూడండి. పదో తరగతి తప్పినవాడు, ఆటో నడిపేవాడు, సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనికి పోయేవాడు. ప్రతి ఫొటో కింద పేరుంటుంది. ఒకడు అధ్యక్షుడు, ఒకడు కార్యదర్శి. ఈ లోకంలో వాడి మొహాన్ని నలుగురూ చూసే చోట పెట్టింది ఆ ఫ్లెక్సీ ఒక్కటే. మనం వాడికి ఏం ఇచ్చాం? "ఒరే, ఆ చాపలు పరువు" అన్నాం. పేరు కూడా అడగకుండా "ఫలానావాళ్ల అబ్బాయి" అన్నాం. తప్పిపోయిన గొర్రె అని వాడి గురించి ప్రసంగం చేశాం గాని, తొంభైతొమ్మిదిని వదిలి వెళ్లి వాడి పక్కన కూర్చోలేదు.

పైగా మనమే అభిమాన సంఘాలు పెట్టాం. సువార్త మహాసభలకి దైవజనుడి ఫ్లెక్సీ హీరో ఫ్లెక్సీ కంటే రెండడుగులు ఎత్తు ఉంటోంది. ఆయన పేరుకి ముందు బిరుదులు. ఆయన కారు దిగగానే బాణసంచా. యేసు పేరు ఎక్కడో కింద ఉంటుంది, వెతుక్కోవాలి. ఒక బోధకుడి మనుషులు ఇంకో బోధకుడిని యూట్యూబులో తిట్టే తిట్లు వింటే హీరోల అభిమానులే నయమనిపిస్తుంది. కొరింథులోనూ ఇదే జరిగింది. ఒకడు పౌలువాణ్ణి అన్నాడు, ఇంకొకడు అపొల్లోవాణ్ణి అన్నాడు. మీ కోసం సిలువ ఎక్కింది నేనా అని పౌలు వాళ్లని నిలదీశాడు. లుస్త్రలో అయితే జనం ఎడ్లనూ పూలదండలనూ తెచ్చి పౌలుకూ బర్నబాకూ మొక్కబోయారు. వాళ్లిద్దరూ బట్టలు చింపుకుని జనం మధ్యకి పరుగెత్తారు, మేమూ మీలాంటి మనుషులమే అని మొత్తుకున్నారు. ఈరోజు గజమాల వేయబోతే బట్టలు చింపుకునే దైవజనుడు మీకు ఎక్కడైనా కనిపించాడా? మెడ వంచుతున్నాం, ఫొటో సరిగ్గా వచ్చిందా అని చూసుకుంటున్నాం. ఆ నోటితో పాలాభిషేకం తప్పని ఎలా చెబుతాం?

అందుకని చూడటానికీ మొక్కటానికీ తేడా తెలిసే గుర్తు ఒకటి చెబుతాను. తమ్ముడూ, నీ హీరో సినిమా బాగోలేకపోతే బాగోలేదని నోరు తెరిచి చెప్పగలవా? అవతలి హీరో సినిమా బాగుంటే బాగుందనగలవా? అనగలిగితే నువ్వు సినిమా ప్రేమికుడివి. హాయిగా చూడు, నచ్చిన పాట పాడుకో. అనలేకపోతే, అనటానికి భయమేస్తే, అన్నవాడి మీద చెయ్యి లేస్తే, అది ప్రేమ కాదు, నువ్వు ఒక విగ్రహం ముందు ఉన్నావు. అన్నా, అక్కా, ఇదే గుర్తు మీకూ. మీ బోధకుడు చెప్పింది వాక్యానికి సరిపోలేదని మీరు అనగలరా? బెరయవాళ్లు సాక్షాత్తు పౌలు చెప్పిన మాటనే లేఖనాలతో సరిచూసుకున్నారు. వాళ్లని బైబిలు ఘనులని మెచ్చుకుంది. నా మాటనూ అలాగే సరిచూడండి.

చివరిగా ఎఫెసుకే వద్దాం. జనం నాటకశాలలో కేకలు వేస్తుంటే పౌలు లోపలికి వెళ్తానన్నాడు, శిష్యులు వెళ్లనివ్వలేదు. అతని మేలు కోరి కబురు పంపినవాళ్లలో ఆ దేశపు అధికారులు కూడా ఉన్నారు. ఆఖరికి ఊరి కరణం లేచి, ఈ మనుషులు మన దేవిని దూషించినవాళ్లు కారని సాక్ష్యమిచ్చాడు. ఆలోచించండి. పౌలు అన్నాళ్లు ఆ ఊళ్లో ఉండి విగ్రహాలు దేవుళ్లు కావని చెప్పాడు గాని, వాళ్ల దేవిని తిట్టలేదు. వేదికెక్కి హీరోలనూ వాళ్ల ఇళ్లల్లో ఆడవాళ్లనూ తిట్టేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. మరి పౌలు చేసిందేమిటి? తురన్ను పాఠశాలలో రెండేళ్లపాటు ప్రతిరోజూ కూర్చున్నాడు. ఎవరు వచ్చినా మాట్లాడాడు. నాటకశాలలో కేక రెండు గంటలు, పాఠశాలలో మాట రెండేళ్లు. కేక ఆ సాయంత్రమే అణిగిపోయింది. ఆ మాట మన మెట్ట దాకా వచ్చింది.

మన మందిరాలకి ఆదివారం మధ్యాహ్నం వేసిన తాళం మళ్లీ ఎప్పుడు తీస్తున్నాం? సాయంత్రం ఆరు తరవాత మన కుర్రాళ్లకి ఉన్నవి సెంటరులో అరుగు, చేతిలో ఫోను. సంఘపెద్దలారా, వారంలో మూడు సాయంత్రాలు తాళం తీయండి. కీబోర్డు కవరులోంచి బయట పెట్టండి, డప్పు పిల్లల చేతికివ్వండి. హీరో వీడియోలు అంత చక్కగా అతికించే కుర్రాడికి సంఘం పని అప్పగించండి. సభలకి బోధకుల మొహాలు లేని ఫ్లెక్సీ వేయండి. నాతోనే మొదలుపెట్టండి. నాన్నలారా, ఒక్కసారి కొడుకుతో కలిసి వాడికి నచ్చిన సినిమాకి వెళ్లండి. వచ్చేటప్పుడు దారిలో, అందులో నీకేం నచ్చిందిరా అని అడగండి. తిట్టటానికి కాదు, వినటానికి.

తమ్ముళ్లూ, మీరు ఎవరి పేరు అరుస్తున్నారో ఆయనకి మీ పేరు తెలియదు. అది ఆయన తప్పు కాదు, ఆయనా మనిషే. పేరు పెట్టి పిలిచే కాపరి ఒకడు ఉన్నాడని యోహాను సువార్త 10వ అధ్యాయం చెబుతుంది. ఆయన మీ రక్తం అడగలేదు, తనది ఇచ్చాడు. ఆ మాట మా నోటినుంచి మీకు నమ్మకంగా వినబడాలంటే ముందు మాకు మీ పేర్లు తెలియాలి. ఈ వారం నేర్చుకుంటాం.

ప్రార్థన: ప్రభువా, మా పిల్లలని కరెంటు తీగల దగ్గరనుంచి, తొక్కిసలాటలనుంచి, ఒకరినొకరు ద్వేషించుకోవటంనుంచి కాపాడు. నీకు చెందవలసిన మహిమ మేము తీసుకోకుండా మమ్మల్నీ కాపాడు. ఆమేన్.