బీమా కమీషన్: శాతం ఒకటే, ఊరూ వాడా ఒకటి కాదు

2024 అక్టోబర్ 1 నుంచి ఎల్‌ఐసీ కొత్త పాలసీలపై ఏజెంటుకు ఇచ్చే మొదటి ఏడాది కమీషన్‌ను 35 శాతం నుంచి 28 శాతానికి తగ్గించింది. రెన్యువల్ కమీషన్‌ను 5 నుంచి 7.5 శాతానికి పెంచింది. పాలసీదారు మధ్యలో మానేస్తే మునుపటికన్నా ఎక్కువ సొమ్ము తిరిగివ్వాలన్న ఐఆర్‌డీఏఐ నిబంధన దీనికి కారణం. ఏజెంట్ల సంఘాలు ఆందోళన చేశాయి. ఆ చర్చలో మాకు కులం ప్రస్తావన మాత్రం వినబడలేదు.

ముందు లెక్క చూద్దాం. ఏడాదికి 12,000 రూపాయల ప్రీమియం ఉన్న పాలసీపై మొదటి ఏడాది 4,200 వచ్చేది. ఇప్పుడు 3,360 వస్తుంది. అంటే 840 తగ్గింది. రెండు, మూడు ఏళ్లలో పాత పద్ధతిలోనూ 7.5 శాతమే కాబట్టి తేడా లేదు. నాలుగో ఏడాది నుంచి 300 చొప్పున ఎక్కువ వస్తుంది. పోయిన 840 పూర్తిగా తిరిగొచ్చేది ఆరో ఏడాదిలో, అదీ పాలసీ లాప్స్ కాకుండా ఉంటే. పాత పాలసీల రెన్యువల్ కమీషన్ నెలనెలా అందుకుంటున్న ఏజెంటు ఆరేళ్లు ఆగగలడు. ఐసీ-38 పరీక్ష పాసై ఇప్పుడే బయల్దేరిన ఎస్సీ కాలనీ అమ్మాయి ఏం తిని ఆగాలి?

కమీషన్ ప్రీమియంపై, ప్రీమియం కొనేవాడి ఆదాయంపై ఆధారపడతాయి. కొత్త ఏజెంటు మొదట వెళ్లేది చుట్టాల దగ్గరికి, తెలిసినవాళ్ల దగ్గరికి. ఒకరికి ఆ తెలిసినవాళ్లు టీచర్లు, రైస్ మిల్లు యజమానులు, బ్యాంకు ఉద్యోగులు. మరొకరికి ఉపాధి హామీ కూలీలు, పారిశుధ్య కార్మికులు. న్యూ ఎండోమెంట్ ప్లాన్ కనీస బీమా మొత్తం అదే అక్టోబర్‌లో లక్ష నుంచి 2 లక్షలకు పెరగడంతో వాడలో అమ్మగలిగిన చిన్న పాలసీ కూడా చేజారింది. ఇక మిగిలేది బ్యాంకు ద్వారా 436 రూపాయలకు దొరికే జీవనజ్యోతి. అందులో చేర్పించినవారి వాటా 30 రూపాయలు.

ఊళ్లోకి వెళ్లి అమ్మొచ్చు కదా అంటారు. బీమా అంటే ఇంటి పెద్ద చావు గురించి, ఇంట్లో డబ్బు గురించి మాట్లాడటం. ఆ మాటలు నడింట్లో కూర్చుని మాట్లాడేవి, గేటు బయట నిలబడి కాదు. పైగా మొదటి ప్రీమియంలో కొంత తానే కట్టే పాత ఏజెంటు పోటీలో ఉంటాడు. బీమా చట్టం సెక్షన్ 41 ప్రకారం ఈ రిబేటు నేరం, జరిమానా 10 లక్షల దాకా ఉంది. అయినా నడుస్తూనే ఉంది. సొంత కమీషన్ వదులుకోగలిగినవాడిదే ఆ ఆట.

అందుకే 2024 డిసెంబర్ 9న పానిపట్‌లో ప్రధాని ప్రారంభించిన బీమా సఖిని మేం తీసిపారేయడం లేదు. పదో తరగతి పాసైన మహిళకు మొదటి ఏడాది నెలకు 7,000, రెండో ఏడాది 6,000, మూడో ఏడాది 5,000 స్టైపెండ్ ఇస్తారు. ఇప్పటికే ఉన్న ఏజెంట్ల, ఉద్యోగుల దగ్గరి బంధువులు అనర్హులు. ఇది చాలా మంచి షరతు. ఏజెన్సీ కుటుంబ ఆస్తిలా నడిచే చోట మొదటి తరానికి తలుపు తెరుస్తుంది. డ్వాక్రా సంఘాల్లోని దళిత మహిళలు దీన్ని వాడుకోవాలి.

అయితే ఏడాదికి 24 పాలసీలు చేయించాలి. వాటిలో 65 శాతం అమల్లో ఉంటేనే తర్వాతి ఏడాది స్టైపెండ్. కూలీ కుటుంబం వర్షాలు లేని ఏడాది ముందుగా ఆపేది ప్రీమియమే. ఆ పాలసీతో పాటు సఖి స్టైపెండ్ కూడా ఆగుతుంది. కరువు భారం అమ్మినామె మీద పడటం ఏం న్యాయం?

శిక్షణ పేరుతో రెండు రోజుల క్లాసు, డెవలప్‌మెంట్ ఆఫీసర్ ఫోన్లు చాలవు. అతని ఇన్సెంటివ్ తన కింద ఏజెంట్లు తెచ్చే వ్యాపారంపైనే ఉంటుంది కాబట్టి పెద్ద ప్రీమియం తెచ్చేవాళ్ల చుట్టూ తిరుగుతాడు. అసలు కావాల్సిన సాయం ఆఫీసుల్లోకి దారి. జీతంలోంచి నేరుగా ప్రీమియం కోసే శాలరీ సేవింగ్స్ పథకంలో పాలసీలు తేలిగ్గా లాప్స్ కావు. గురుకులాలు, మున్సిపాలిటీలు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆ పని కొత్త దళిత ఏజెంట్లకు కొంత కేటాయించాలి. కరువు మండలాల్లో 65 శాతం షరతు సడలించాలి. బీమా సఖుల్లో ఎస్సీ, ఎస్టీలు ఎందరు, మూడో ఏడాదికి మిగిలినవారెందరు అన్న లెక్క ఏటా ప్రకటించాలి.

రిజర్వేషన్ ద్వారా ఉద్యోగాల్లో చేరిన మనవాళ్లను కూడా ఒకటి అడుగుతున్నాం. మీ జీతంలోంచి ప్రతి నెలా కోతపడే ప్రీమియంపై కమీషన్ ఎవరి ఇంటికి వెళుతోంది?