తరగతిలో సినిమాకు చట్టం అడ్డు కాదు

ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్యాశాఖ డైరెక్టర్ గారికి,

పదో తరగతికి జాతీయోద్యమం చెప్పేటప్పుడు ‘గాంధీ’ (1982) సినిమాలోని దండి యాత్ర చూపిద్దామని డీవీడీ పెడతాం. ఇంట్లో చూసుకోవడానికి మాత్రమేనన్న హెచ్చరిక తెర మీద పడుతుంది. ‘ఎందుకొచ్చిన గొడవ, ఆపేయండి మాస్టారూ’ అంటారు హెడ్మాస్టరు.

నిజానికి 1957 నాటి కాపీరైట్ చట్టం, సెక్షన్ 52(1)(జె) ప్రకారం విద్యాసంస్థ కార్యకలాపాల్లో భాగంగా సినిమా ప్రదర్శిస్తే ఉల్లంఘన కాదు. కాకపోతే చూసేవాళ్లు సిబ్బంది, విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రులు, సంరక్షకులు, సంస్థ కార్యకలాపాలతో సంబంధం ఉన్నవాళ్లే అయి ఉండాలి. ఊరందరినీ పిలిచి వేస్తే ఈ మినహాయింపు వర్తించదు.

బళ్లలో పెద్ద డిజిటల్ తెరలు బిగించారు, సంతోషం. వాటి మీద ఏం చూపొచ్చో, ఏం చూపకూడదో చెప్పే కాగితం మాత్రం మా దాకా రాలేదు. పై నిబంధనను తేట తెలుగులో ఒక్క పేజీ సర్క్యులర్‌గా పంపండి. పైరసీ కాపీలు వద్దని అందులోనే గట్టిగా చెప్పండి. టీచరు సొంత ఓటీటీ ఖాతా వాడొచ్చా అన్నదీ తేల్చండి. ఓటీటీ కంపెనీల షరతులు వేరుగా ఉంటాయి. అసలైన డీవీడీలు కొనుక్కోవడానికి స్కూలు గ్రాంటులో వీలు కల్పించండి.

జూన్‌లో బడులు తెరిచేలోగా ఆ సర్క్యులర్ హెడ్మాస్టర్లకు అందేలా చూడగలరు.

ఇట్లు,
ఒక సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు