చదివే మనిషి లేని కవరింగ్ లెటరు మనకొద్దు

ఉద్యోగాలిచ్చే యాజమాన్యాలకు, హెచ్.ఆర్. అధికారులకు, కాలేజీల ప్లేస్‌మెంట్ విభాగాలకు, దరఖాస్తులు పెడుతున్న యువతీయువకులకు విజ్ఞప్తి.

ఒకప్పుడు ఏ దరఖాస్తుకైనా గెజిటెడ్ అధికారి సంతకం కావలసి వచ్చేది. మార్కుల జాబితా జిరాక్సులు పట్టుకొని, ఆ పచ్చసిరా సంతకం కోసం ఆఫీసు వరండాల్లో పడిగాపులు కాసిన తరం ఇంకా మన మధ్యే ఉంది. ఒరిజినల్స్ ఎలాగూ చివర్లో చూస్తారు కదా, మధ్యలో ఇదెందుకని అడిగితే జవాబు చెప్పిన నాథుడు లేడు. 2014లో కేంద్ర ప్రభుత్వం అభ్యర్థి తానే సంతకం పెట్టుకుంటే చాలంది. కొంపలేమీ మునగలేదు.

ఇప్పుడు ప్రైవేటు ఉద్యోగాల్లో ఆ పచ్చసిరా స్థానంలోకి కవరింగ్ లెటరు వచ్చి కూర్చుంది. పేరు, ఊరు, చదువు, మార్కులు అన్నీ నింపించుకుంటారు. రెజ్యూమె ఎక్కించమంటారు. ఆ తర్వాత ఎర్ర చుక్కతో మరో గడి: కవరింగ్ లెటరు తప్పనిసరి. నింపినదంతా ‘రెస్పెక్టెడ్ సర్’ కింద మళ్లీ రాయాలి. లక్షల మంది పోటీపడే సర్వీస్ కమిషన్ పరీక్షలకే ఎవరూ ఉత్తరం అడగరు. ఫ్రెషర్ ఉద్యోగానికి ఎందుకు?

రాసేవాళ్ల సంగతి చూడండి. మన బళ్లలో పిల్లలు చక్కగా నేర్చుకునే ఇంగ్లిషు ఉత్తరం ఒకటే, జ్వరమొచ్చిందని రాసే లీవ్ లెటరు. ఆ తర్వాత సీనియర్ పంపిన ఫైలో, డీటీపీ సెంటర్లో దొరికే నమూనానో దిక్కు. కంపెనీ పేరు మార్చడం మరిచిపోయి పాత పేరుతోనే పంపేసేవాళ్లూ ఉంటారు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ఆ బాధా తీరింది. అభ్యర్థి ఒక ముక్క చెబితే యంత్రం పేజీ నింపుతుంది, అవతల మరో యంత్రం దాన్ని జల్లెడ పడుతుంది. ఇందులో ఎవరి ప్రతిభ ఎవరికి తెలిసినట్టు? పోనీ భాష చూద్దామనా? గుంటూరులో మిర్చి రైతులతో మాట్లాడవలసిన ఫీల్డ్ ఉద్యోగికి ఇంగ్లిషు ఉత్తరం పెట్టే పరీక్ష ఏమిటో మాకు అర్థం కాదు.

ఉత్తరానికి విలువే లేదని మేమనడం లేదు. 1912 ఫిబ్రవరిలో శ్రీనివాస రామానుజన్ మద్రాసు పోర్టు ట్రస్టుకు గుమాస్తా పని కోసం రాసింది అలాంటి ఉత్తరమే. ఎఫ్.ఏ. (ఇప్పటి ఇంటర్మీడియట్ లాంటిది) దాకా చదివానని, పరిస్థితులు కలిసిరాక ఆగిపోయానని, అప్పటినుంచి గణితం మీదే ఉన్నానని చెప్పుకున్నారు. ప్రెసిడెన్సీ కాలేజీ గణితాచార్యుడు మిడిల్‌మాస్ట్ సిఫారసు కూడా ఉందిలెండి. మార్చి 1న నెలకు 30 రూపాయల జీతంతో చేరారు. ఎఫ్.ఏ. తప్పాడన్న సంగతొక్కటే చూసి ఉంటే ఆ కాగితం పక్కకు పోయేది. కానీ పోర్టు ట్రస్టు చీఫ్ అకౌంటెంట్ నారాయణ అయ్యర్ స్వయంగా గణితం తెలిసినవారు. మరుసటి ఏడాది జనవరిలో కేంబ్రిడ్జిలోని గణితవేత్త హార్డీకి రామానుజన్ రాసిన ఉత్తరం కథ అందరికీ తెలుసు. అంతకుముందు ఆయన రాసిన ఇద్దరు ఇంగ్లండు పండితుల దగ్గర పని జరగలేదన్నది మాత్రం తక్కువ మందికి తెలుసు. హార్డీ తీరిగ్గా కూర్చొని సిద్ధాంతాలు చదివాడు కాబట్టే పని జరిగింది.

మార్కుల జాబితా చెప్పలేనిది చెప్పడానికే ఉత్తరం. సప్లీలు ఎందుకు మిగిలాయి, పిల్లల కోసం అయిదేళ్లు ఆగిన ఇల్లాలు మళ్లీ ఎందుకు వస్తోంది, ఫార్మసీ చదివినవాడు కోడింగ్ వైపు ఎందుకు తిరిగాడు, ఇలాంటివి. వీళ్లకు ఆ గడి ఉండాలి. తప్పనిసరి అన్న ఎర్ర చుక్క మాత్రం పోవాలి.

జర్మనీ రైల్వే సంస్థ డాయిచ బాన్ 2018లో అప్రెంటిస్ అభ్యర్థులకు కవరింగ్ లెటరు అక్కర్లేదని ప్రకటించింది. మన కంపెనీలూ ఫ్రెషర్ ఉద్యోగాలకు ఆ పని చేయవచ్చు. ఉత్తరం నిజంగా కావాలనుకునేవాళ్లు ఒక్క ప్రశ్న సూటిగా అడగండి: మీరు సొంతంగా చేసిన ఒక పని గురించి నూరు మాటల్లో రాయండి అని. తెలుగులో జరిగే పనికి తెలుగులో రాసినా తీసుకోండి. దాన్ని ఎవరు చదువుతారో ప్రకటనలోనే చెప్పండి.

కాలేజీలు ఒకే నమూనాను అందరికీ పంచడం మానాలి. ఒక్కొక్కరి చేత వాళ్ల ప్రాజెక్టు గురించి పది వాక్యాలు రాయించి, దిద్ది ఇవ్వాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! చిన్న కంపెనీకో, బడికో, పత్రికకో, స్వచ్ఛంద సంస్థకో దరఖాస్తు పెడితే అక్కడ ఒక మనిషి చదివే అవకాశం ఎక్కువ. అక్కడ మీ మాటల్లో పది వరుసలు రాయండి, రెజ్యూమెలో ఉన్నదే మళ్లీ రాయకండి. రాసినా రాయకపోయినా ఫరవాలేదన్న పెద్ద పోర్టల్‌లో, చెప్పవలసిన కొత్త సంగతి లేకపోతే ఆ గడి వదిలేసి ఆ గంట పని నేర్చుకోవడానికి వాడండి.

యాజమాన్యాలకు మా చివరి మాట. మీ సంస్థ ఇచ్చిన ఆఖరి ఉద్యోగ ప్రకటన తీయించండి. దానికి వచ్చిన కవరింగ్ లెటర్లు ఎవరు చదివారో కనుక్కోండి. చదివినవాళ్లు లేకపోతే వచ్చే ప్రకటనలో ఆ షరతు తీసెయ్యండి.