తుపాకీ అదే, పిడి వేరు

2016 జులై 1న కాలిఫోర్నియా గవర్నరు జెర్రీ బ్రౌన్ రెండు బిల్లుల మీద సంతకం పెట్టారు. వాటి ప్రకారం 2017 జనవరి 1 నుంచి, తూటా మొనతో పొడిస్తేనే తూటాల పెట్టెను (మ్యాగజైన్‌ను) వదిలే ‘బుల్లెట్ బటన్’ అమర్చిన చాలా రకాల సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లు ఆ రాష్ట్రంలో ‘అసాల్ట్ వెపన్’ లెక్కలోకి వచ్చాయి. అప్పటికే అలాంటి తుపాకీ కొని ఇంట్లో పెట్టుకున్నవారికి మిగిలిన దారులు కొన్నే. ప్రభుత్వం దగ్గర నమోదు చేయించుకోవాలి, రాష్ట్రం దాటించాలి, వదిలించుకోవాలి, కాదంటే చట్టం వద్దన్న భాగాలు విప్పేసి తుపాకీ రూపు మార్చాలి. ఈ చివరి దారి పట్టినవారి ఇళ్లలో పిస్టల్ మాదిరి పిడికి బొటనవేలు చుట్టుకోనివ్వని రెక్కలాంటి ముక్క ఒకటి వచ్చి చేరింది. పొడవు తగ్గించి పెంచుకునే బట్ ఒకేచోట బిగిసిపోయింది. గొట్టం కొసన మంట కనపడకుండా చేసే భాగం ఊడిపోయింది. ఇంతటితో ఆ రైఫిల్ చట్టబద్ధం. తూటా అదే, దాని వేగం అదే, ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒకటి చొప్పున పేలడమూ అదే. ఈ మార్పులు చేసుకున్నవాళ్లను చట్టాన్ని ఏమార్చినవాళ్లుగా చిత్రించడం అక్కడి రాజకీయ నాయకులకు అలవాటు. నిజానికి వాళ్లు చట్టాన్ని మిగతావారి కన్నా శ్రద్ధగా చదివారు. ఆయుధం ఏం చేయగలదన్నది వదిలేసి అది ఎలా కనిపిస్తుందన్న దాని మీద గీత గీస్తే ఫలితం ఇలాగే ఉంటుంది. పైగా ఇది గత ముప్ఫై అయిదేళ్లలో మళ్లీ మళ్లీ రుజువైన సంగతి.

మొదటి రుజువు 1989 నాటిది. ఆ జనవరి 17న కాలిఫోర్నియాలోని స్టాక్‌టన్‌లో ఒక ప్రాథమిక పాఠశాల ఆవరణలోకి ఏకే తరహా రైఫిల్‌తో వచ్చిన దుండగుడు అయిదుగురు పిల్లల ప్రాణాలు తీశాడు. కంబోడియా, వియత్నాం నుంచి శరణార్థులుగా వచ్చిన కుటుంబాల పిల్లలు వాళ్లు. ఆ ఏడే వచ్చిన రాబర్టి-రూస్ చట్టం తుపాకులను పేరుపెట్టి మరీ నిషేధించింది: ఫలానా కంపెనీ, ఫలానా మోడల్ అని. పేరు మీద నిషేధానికి పేరు మార్చడమే విరుగుడని కంపెనీలకు అర్థం కావడానికి ఎంతోకాలం పట్టలేదు. అదే సంవత్సరం సీనియర్ బుష్ ప్రభుత్వం విదేశీ సైనిక తరహా రైఫిళ్ల దిగుమతిని ఆపేసింది. చైనాలో తయారైన ఏకే రకాలు బొటనవేలు దూర్చే రంధ్రమున్న చెక్క బట్ తొడుక్కుని, క్రీడా రైఫిళ్లమంటూ మళ్లీ దిగాయి. 1994లో క్లింటన్ సంతకం చేసిన కేంద్ర చట్టం పేర్ల జాబితాకు లక్షణాల జాబితాను జోడించింది. ఊడదీసి మార్చుకునే మ్యాగజైన్ ఉన్న సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌కు పిస్టల్ పిడి, మడత బట్, బాయ్‌నెట్ బిగించే కొక్కెం, మంటను అణిచే భాగం, గ్రెనేడ్ లాంచర్ వంటి వాటిలో ఏ రెండు ఉన్నా అది నిషిద్ధం. దాంతో కంపెనీలు ఒక్కటి మాత్రమే ఉంచి తక్కినవి తీసేశాయి. కోల్ట్ సంస్థ కొక్కెమూ మంట అణిచే భాగమూ లేని ఏఆర్-15 రైఫిల్‌ను అమ్ముకుంది. ఇంట్రాటెక్ అయితే తన పిస్టల్‌ను కాస్త మార్చి ‘ఏబీ-10’ అని పేరు పెట్టింది. ఆ రెండక్షరాలకు ‘ఆఫ్టర్ బ్యాన్’ అని అర్థం. శాసనకర్తల ముఖం మీదే నవ్వడమంటే ఇదే.

కాలిఫోర్నియా 2000 నుంచి పట్టు బిగించింది. రెండు లక్షణాలు అక్కర్లేదు, ఒక్కటి ఉన్నా నిషిద్ధమే అంది. అయితే ఆ నియమం ఊడదీసుకునే మ్యాగజైన్ ఉన్న రైఫిళ్లకే వర్తిస్తుంది. పనిముట్టు వాడితే తప్ప ఊడని మ్యాగజైన్‌ను ఊడదీసుకునేదిగా లెక్కించరాదనీ, తూటా మొన కూడా పనిముట్టేననీ ఆ రాష్ట్ర నిబంధనల్లోనే ఉంది. వేలితో నొక్కితే కదలకుండా, తూటా మొనతో పొడిస్తే మ్యాగజైన్‌ను వదిలేసే ఆ ‘బుల్లెట్ బటన్’ ఈ వాక్యంలోంచే పుట్టుకొచ్చింది. దాదాపు పదేళ్లు అది రాజ్యమేలింది. 2015 డిసెంబరు 2న శాన్ బెర్నార్డినోలో 14 మందిని బలితీసుకున్న రైఫిళ్లు ఆ రాష్ట్రంలో చట్టబద్ధంగా అమ్ముడైనవే. తర్వాత వాటిని చట్టవిరుద్ధంగా మార్చారు. ఈ ఘటన తర్వాతే 2016 బిల్లులు వచ్చాయి. ఈసారి రైఫిల్ యంత్రాంగాన్ని విప్పితే తప్ప మ్యాగజైన్ బయటికి రాకూడదన్నారు. జవాబుగా మరికొన్ని కొత్త ముక్కలు అంగళ్లలో వేలాడాయి. కనెక్టికట్‌దీ ఇదే కథ, మరింత విషాదంగా. 2012 డిసెంబరులో శాండీ హుక్ బడిలో 20 మంది పిల్లలను, ఆరుగురు పెద్దలను చంపిన బుష్‌మాస్టర్ రైఫిల్, అప్పటి కనెక్టికట్ అసాల్ట్ వెపన్ నిషేధం పరిధిలోకి ఎక్కడా రానిది.

శాసనకర్తలకు ఈ సంగతి తెలియదా? తెలుసు. ఆకారాన్ని ఎంచుకోవడం వెనక పక్కా రాజకీయ లెక్క ఉంది. పనిని బట్టి నిషేధించాలంటే, మ్యాగజైన్ మార్చుకునే వీలున్న ప్రతి సెమీ ఆటోమేటిక్ రైఫిలూ వలలో పడుతుంది, వేటగాళ్లవీ రైతులవీ సహా. 1994 చట్టం మినహాయించిన తుపాకుల అనుబంధ జాబితాలో మడత బట్ లేని రూగర్ మినీ-14 పేరు ఉంది. చెక్క బట్‌తో అమాయకంగా కనిపించే ఆ రైఫిల్ ఏఆర్-15 కాల్చే తూటాల రకాన్నే కాలుస్తుంది, దాని మ్యాగజైనూ చిటికెలో మారుతుంది. ఒకటి పల్లె ఇంటి గోడకు తగిలించుకునేదిగా, మరొకటి యుద్ధభూమిదిగా కనిపిస్తాయి. ఆ తేడానే చట్టం చేశారు. ఓట్లు పోకుండా నిషేధం తెచ్చామని చెప్పుకోవడానికి ఇంతకన్నా సులువైన మార్గం లేదు.

ఫలితాల లెక్క కూడా దీనికి తగ్గట్టే ఉంది. కేంద్ర నిషేధం పదేళ్ల గడువు తీరి 2004లో ముగుస్తున్నప్పుడు, అమెరికా న్యాయశాఖ పరిశోధన విభాగం కోసం క్రిస్టఫర్ కోపర్ చేసిన అధ్యయనం దాన్ని పొడిగించినా తుపాకీ హింస మీద ప్రభావం మహా అయితే స్వల్పంగానే ఉంటుందనీ, నికరంగా కొలవడానికి కూడా చాలకపోవచ్చనీ తేల్చింది. నిషేధానికి ముందు కూడా తుపాకీ నేరాల్లో ఈ తరహా ఆయుధాల వాటా అధ్యయనాన్ని బట్టి 2 నుంచి 8 శాతం లోపే. ఎఫ్‌బీఐ 2019 లెక్కల్లో తుపాకీతో జరిగిన హత్యలు 10,258. అందులో అన్నిరకాల రైఫిళ్లూ కలిపి 364, చేతి తుపాకులు 6,368. మూడు వేలకు పైగా కేసుల్లో ఆయుధం ఏ రకమో నమోదు కాలేదు కాబట్టి ఈ అంకెలు అటూ ఇటూ కావచ్చు గానీ, దామాషా తారుమారు కాదు. 2017లో కాన్సస్‌లోని ఓలేత్‌లో తెలుగు ఇంజినీరును బలిగొన్నదీ చేతి తుపాకీయే. అయితే కోపర్ అధ్యయనంలో మరో మాట ఉంది, దాన్ని తుపాకీ హక్కులవారు ఉటంకించరు. 1994 చట్టంలో పస ఉన్న భాగం ఏదైనా ఉంటే అది పదికి మించి తూటాలు పట్టే మ్యాగజైన్ల మీద ఆంక్షేనని. అప్పటికే ఇళ్లలో ఉన్న కోట్ల మ్యాగజైన్లకు మినహాయింపు ఇవ్వడంతో ఆ ఆంక్షా నీరుగారింది. క్లారెవాస్, కానర్, హెమెన్‌వే 2019లో ప్రచురించిన పరిశీలన ప్రకారం, 1990 నుంచి 2017 వరకు పెద్ద మ్యాగజైన్లను నిషేధించిన రాష్ట్రాల్లో ఆరుగురికి తక్కువ కాకుండా బలైన సామూహిక కాల్పులు తక్కువ జరిగాయి. ఎక్కువ మ్యాగజైన్లు జేబులో వేసుకుని రావచ్చు కదా అంటారు. కొలంబైన్ బడిలో కాల్పులు జరిపినవారిలో ఒకడు పది తూటాల మ్యాగజైన్లు అనేకం తెచ్చుకున్న మాట నిజమే. కానీ 2011లో టూసాన్‌లో 33 తూటాల మ్యాగజైన్‌ను ఖాళీ చేసినవాణ్ణి పక్కనున్నవాళ్లు పట్టి పడేసింది అతడు మ్యాగజైన్ మారుస్తున్న క్షణాల్లోనే.

పరికరాన్ని వదిలి పైరూపాన్ని పట్టుకున్న చట్టం ఎంత దూరం తీసుకుపోగలదో న్యూజిలాండ్ చూసింది. అక్కడ ఏడు తూటాలు మించని మ్యాగజైన్ ఉన్న సెమీ ఆటోమేటిక్ రైఫిల్ సాధారణ లైసెన్సుకే దొరికేది. పెద్ద మ్యాగజైన్ తగిలిస్తే అది సైనిక తరహా ఆయుధమై ప్రత్యేక అనుమతి కోరేది. ఆ పెద్ద మ్యాగజైన్‌ను కొనడానికి మాత్రం ఏ అనుమతీ అక్కర్లేదు. 2019 మార్చి 15న క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మందిని చంపినవాడు సాధారణ లైసెన్సు మీద రైఫిళ్లు కొని, మ్యాగజైన్లు విడిగా తెప్పించుకున్నాడు. ఆ మృతుల్లో హైదరాబాద్ మూలాలున్నవారూ ఉన్నారు. ఆ దేశ పార్లమెంటు నెల తిరగకుండా 119 ఓట్లకు ఒక్క ఓటు వ్యతిరేకతతో తెచ్చిన సవరణ పిడుల జోలికి పోలేదు. తూటా అడుగున మధ్యభాగం మీద దెబ్బతో పేల్చే ‘సెంటర్‌ఫైర్’ సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లలో దాదాపు అన్నింటినీ, పెద్ద మ్యాగజైన్లను, విడిభాగాలను నిషేధించి, డబ్బిచ్చి వెనక్కి తీసుకుంది. డిసెంబరు నాటికి 56 వేలకు పైగా తుపాకులు తిరిగొచ్చాయి. ఆ తుపాకులకు పిడి మార్చి దాచుకునే సందే లేకపోయింది.

అమెరికా కేంద్ర స్థాయిలో చిక్కు ఇంకా పాతది. 1934 జాతీయ తుపాకుల చట్టం ముసాయిదాలో పిస్టళ్లు, రివాల్వర్లు కూడా ఉన్నాయి. పిస్టళ్ల ఆంక్షను తప్పించుకోవడానికి రైఫిల్ గొట్టం కోసి కురచ చేసుకుంటారన్న అనుమానంతో, 18 అంగుళాల లోపు గొట్టమున్న రైఫిళ్లను కూడా చేర్చారు. చివర్లో పిస్టళ్లు బిల్లులోంచి జారిపోయాయి, కురచ రైఫిల్ నియమం మాత్రం తొంభై ఏళ్లుగా చట్టంలోనే ఉండిపోయింది. తలుపు పీకేశాక గడియకు తాళం వేసుకుని కూర్చోవడం లాంటిదిది. 2012లో చేయి సరిగా లేనివారు ముంజేతికి కట్టుకుని పిస్టల్ కాల్చేందుకు ఒక పట్టీని కేంద్ర ఆయుధ సంస్థ ఏటీఎఫ్ అనుమతించింది. అది భుజానికి ఆనించుకోవడానికీ పనికొస్తుందని జనం వెంటనే కనిపెట్టారు. భుజానికి ఆనిస్తే తప్పు లేదని 2014లో, తప్పేనని 2015లో, కొన్నిసార్లు కాదని 2017లో ఏటీఎఫ్ ఉత్తరాలు రాసింది. 2023 జనవరిలో వీటిలో అధిక భాగాన్ని కురచ రైఫిళ్లుగా ప్రకటించి నమోదుకు గడువు పెట్టింది. తన అంచనాలోనే 30 లక్షల పట్టీలు చలామణిలో ఉండగా, గడువు ముగిసేసరికి వచ్చిన దరఖాస్తులు సుమారు రెండున్నర లక్షలు. మరుసటి ఏడు టెక్సస్ కోర్టు ఆ నియమాన్నే కొట్టేసింది. పదేళ్లలో ఒకే ముక్క ఇన్నిసార్లు రంగు మార్చుకుంటే పాటించాలనుకున్నవాడికి మిగిలేది అయోమయం, పాటించని వాడికి మిగిలేది ధైర్యం.

ఆకారాన్ని కాక పనిని చూడాలన్న ఈ వాదనకు గట్టి అభ్యంతరమే ఒకటుంది. పనిని బట్టి నిర్వచించినా తప్పించుకోరా? అని. లాస్‌వేగాస్ ఇందుకు సాక్ష్యం. ట్రిగ్గర్ ఒక్కసారి పనిచేస్తే ఒకటికి మించి తూటాలు పేలేది మెషిన్ గన్ అని 1934 నుంచి ఉన్న నిర్వచనం అచ్చంగా పనికి సంబంధించినదే. అయినా తుపాకీ ఎదురుదెబ్బతోనే వేలికి ట్రిగ్గర్‌ను పదేపదే తగిలించే బంప్ స్టాక్‌ను 2010లో ఏటీఎఫ్ మెషిన్ గన్ కాదంది. 2017 అక్టోబరు 1న లాస్‌వేగాస్‌లో, బంప్ స్టాక్ బిగించిన రైఫిళ్ల నుంచి సుమారు పది నిమిషాల్లో వెయ్యికి పైగా తూటాలు కురిశాయి. ఆ రాత్రి పోయిన ప్రాణాలు 58, తర్వాత లెక్క 60కి చేరింది. ట్రంప్ ప్రభుత్వం పెట్టిన నిషేధాన్ని 2024 జూన్‌లో సుప్రీంకోర్టు 6-3తో కొట్టేసింది. అభ్యంతరం న్యాయమైనదే. కానీ తీర్పును కాస్త దగ్గరగా చూడాలి. కోర్టు చెప్పింది ఏటీఎఫ్‌కు ఆ అధికారం లేదని మాత్రమే. కాంగ్రెస్ తలుచుకుంటే చట్టాన్ని సవరించవచ్చని మెజారిటీలో ఉన్న జస్టిస్ అలిటో విడిగా రాశారు కూడా. నిమిషానికి ఎన్ని తూటాలన్న కొలత మీద ఒక వాక్యం చేరిస్తే సరిపోయేదాన్ని కాంగ్రెస్ చేరుస్తుందన్న సూచన లేదు. పనిని నిర్వచించడంలో పొరపాటు జరిగితే సవరణ మళ్లీ ప్రమాదం వైపే నడుస్తుంది. ఆకారాన్ని నిర్వచించిన చోట ప్రతి సవరణా ఇంకో పిడి దగ్గరే ఆగుతుంది.

పిస్టల్ పిడి ఉంటే గురి నిలుస్తుంది కాబట్టి లక్షణాలకూ ప్రాణాంతక విలువ ఉందన్నది మరో వాదన. కొంత నిజం. ఆ కొంత నిజం కోసం లక్షలమందిని నేరస్థులుగా మార్చగల జాబితా తయారుచేయడం తూకానికి నిలవదు. ఇటు పక్క నుంచి వినిపించేది, నేరగాడు చట్టాన్ని పాటించడు కాబట్టి ఏ చట్టమూ వద్దన్న పాత పాట. లాస్‌వేగాస్ హంతకుడూ క్రైస్ట్‌చర్చ్ హంతకుడూ ఆ క్షణం దాకా దుకాణంలో డబ్బు కట్టి తుపాకులు కొనుక్కున్నవారే. అంటే అడ్డుకట్ట పడాల్సింది కొనేవాడి దగ్గరా, మ్యాగజైన్ దగ్గరా. మన దేశంలోనూ కొలత మీద గీతలున్నాయి. .303 సైనిక తూటా సాధారణ లైసెన్సుకు దొరకదు కానీ, అదే లీ-ఎన్‌ఫీల్డ్ యంత్రాంగం మీద ఇషాపూర్‌లో చేసిన .315 రైఫిల్ దొరుకుతుంది. అయినా 1959 ఆయుధ చట్టం ముందు మనిషిని చూస్తుంది, గొట్టం కురచ చేయడానికి కూడా విడిగా లైసెన్సు ఉండాలంటుంది దాని 6వ సెక్షన్. నాటు తుపాకులు ఆగాయని కాదు, పిడి ఆకారం మీద వాదులాట మాత్రం ఇక్కడి కోర్టుల దాకా రాదు.

వాషింగ్టన్, ఇల్లినాయ్ రాష్ట్రాలు 2023లో మళ్లీ పాత లక్షణాల జాబితాలనే దాదాపు ఎత్తి రాసుకున్నాయి. వేరే దారి తొక్కింది కొలరాడో. 2025 ఏప్రిల్‌లో సంతకమైన అక్కడి చట్టం, మ్యాగజైన్ మార్చుకోగలిగే చాలా రకాల సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లు కొనాలంటే షెరిఫ్ కార్యాలయం నుంచి అర్హత కార్డు, భద్రతా శిక్షణ తప్పనిసరి చేసింది. పిడి ఎలా ఉందన్న ప్రశ్న అందులో లేదు. అమలు తేదీ 2026 ఆగస్టు 1. 15 తూటాలకు మించని మ్యాగజైన్ శాశ్వతంగా బిగించిన రైఫిళ్లకు మినహాయింపు ఉంది కాబట్టి, అక్కడా మ్యాగజైన్ బిగించే సరుకు అమ్ముకునేవాళ్లు పుట్టకపోరు. అక్కడ కొన్నవాడి చేతిలో మిగిలేది మాత్రం 15 తూటాల తర్వాత ఆగి నింపుకోవాల్సిన తుపాకీ.