మన తాతలు నరకంలో లేరు

ఒక కొండ ఊళ్లో ముసలామె చనిపోయింది. పెద్దకొడుకు చితికి కట్టెలు తెచ్చాడు. చిన్నకొడుకు బాప్తిస్మం తీసుకున్నవాడు, గొయ్యి తవ్వాలన్నాడు. శవం వాకిట్లో ఉండగానే అన్నదమ్ములు తగువుకు దిగారు. పరామర్శకు వచ్చిన బోధకుడు అందరి ముందూ అన్నాడు: "ప్రభువును ఎరగకుండా పోయింది. మీరు ఎలా సాగనంపినా ఆమె పోయేది నరకానికే." ఆ ఇంట్లో ఏడుపు ఆగిపోయింది. ఏడవడానికి కూడా భయం వేసింది.

సీతంపేట, గుమ్మలక్ష్మీపురం, కురుపాం, సాలూరు కొండల్లో ఈ మాట రకరకాలుగా వింటూనే ఉన్నాం. మేం సవరలం, జాతాపులం, గదబలం. మాలో ఆదివారం చర్చికి వెళ్లేవాళ్లున్నారు, కొండదేవతకు కోడిని కోసేవాళ్లున్నారు, ఏ దేవుడికీ మొక్కనివాళ్లూ ఉన్నారు. ఎవరైనా యేసును నమ్మితే మాకు తగువు లేదు. మన పెద్దలను నరకానికి పంపే అధికారం ఎవరిచ్చారన్నదే మా తగువు.

ముందు న్యాయంగా ఒక మాట చెప్పాలి. మనవాళ్లు చర్చికి ఊరికే పోలేదు. బియ్యం మూటకు అమ్ముడుపోయారనే మాట మనల్ని బుద్ధిలేనివాళ్లుగా లెక్కగట్టేవాళ్లది. రోగం వస్తే సోనుం పట్టిందని మేకను, దున్నను కోసేవాళ్లం. ఆ దున్నను కొనడానికి షావుకారు దగ్గర అప్పు చేసి, అప్పు కింద పోడు పంట, చింతపండు, చివరకు భూమే పోగొట్టుకున్న కుటుంబాలున్నాయి. బలి వద్దు, సారా వద్దు, చదువుకో అన్న మతం ఆ కుటుంబాలకు ఊపిరినిచ్చింది. పల్లంలో "ఒరే" అనిపించుకున్నవాణ్ని చర్చిలో "సోదరా" అన్నారు. ఇది చిన్న విషయం కాదు.

కానీ అప్పు వదిలించుకోవడానికి అమ్మను వదులుకోవాలా?

సవరలకు చావంటే తెగిపోవడం కాదు. చనిపోయినవాళ్లు సోనుం అవుతారు. కుడాన్ నోట మాట్లాడతారు. బతికున్నవాళ్లు వాళ్లతో పోట్లాడతారు, ఏడుస్తారు, చెప్పుకోలేకపోయిన మాటలు చెప్పుకుంటారు. వాళ్లకోసం రాయి నిలబెడతారు. పోయినవాళ్ల పేరు పుట్టినవాళ్లకు పెడతారు. కొత్త పంట పెద్దలకు పెట్టకుండా తాము తినరు. పియర్స్ విటెబ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త 1975 నుంచి ఒడిశా సవర ఊళ్లకు వెళ్లి ఉండి, రెండు పుస్తకాలు రాశాడు. 1993లో వచ్చిన పుస్తకం పేరుకు అర్థం "మృతులతో సంభాషణలు". 2017లో వచ్చినదాని పేరుకు అర్థం "మృతులు లేకుండా బతకడం". ఆ రెండు పుస్తకాల మధ్య కాలంలో కుడాన్ నోట తాతల మాట విన్నవాళ్ల పిల్లలు బాప్తిస్టులయ్యారు. మనం ఏం పోగొట్టుకుంటున్నామో ఆ రెండు పేర్లే చెబుతాయి.

ఇప్పుడు బోధకుల గ్రంథంలోకే వెళ్దాం. పునరుత్థానం అంటే దేహం లేవడం, కాబట్టి పాతిపెట్టాలే గాని కాల్చకూడదు అంటారు. మరి రోమా పాలకులు మంటల్లో వేసి చంపిన హతసాక్షులు లేవరా? 1963లో కాథలిక్ సంఘమే దహనానికి అనుమతి ఇచ్చింది. మట్టిలో కలిసిన దేహాన్ని లేపగల దేవుడికి బూడిద అడ్డమా?

సువార్త వినకుండా పోయినవాళ్లకు రక్షణ లేదంటారు. పేతురు మొదటి పత్రిక 3, 4 అధ్యాయాలు చదవండి. క్రీస్తు చెరలో ఉన్న ఆత్మల దగ్గరికి వెళ్లి ప్రకటించాడని, మృతులకు కూడా సువార్త అందిందని అక్కడ ఉంది. వాటి అర్థం మీద పండితుల్లోనే ఏకాభిప్రాయం లేదు. పండితులే తేల్చనిచోట మన అవ్వ మీద మాత్రం తీర్పు ఎలా ఖాయమైంది? మత్తయి 25వ అధ్యాయంలో తీర్పునాటి ప్రశ్న, ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టావా, పరదేశిని చేర్చుకున్నావా అని. దారిన పోయేవాడికి ఇంత చోడి అంబలి పోశాకే తాను తాగిన ముసలమ్మలు మన ఊళ్లలో ఎందరు! తమ తప్పు లేకుండా సువార్తను ఎరగనివాళ్లు మనస్సాక్షి ప్రకారం నడుచుకుంటే వాళ్లకూ రక్షణ దొరకవచ్చని 1964లో రెండో వాటికన్ మహాసభ ఒప్పుకుంది.

ఈ ప్రశ్న మొదట అడిగింది మనం కాదు. జపాన్‌లో కొత్తగా విశ్వాసులైనవాళ్లు తమ పెద్దల గతేమిటని ఫ్రాన్సిస్ జేవియర్‌ను అడిగారు. నరకం నుంచి విడుదల లేదని ఆయన చెబితే వాళ్లు ఏడ్చారని 1552 నాటి ఉత్తరంలో ఆయనే రాశాడు. ఇన్ని వందల ఏళ్ల తర్వాత అదే ఏడుపు మన వాకిట్లోకి వచ్చింది.

ఈస్టర్ తెల్లవారుజామున పల్లపు ఊళ్లలో సమాధుల పండుగ చేస్తారు. సమాధులు శుభ్రం చేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి తమవాళ్లను తలచుకుంటారు. అది భక్తి అయినప్పుడు, మనం రాయి దగ్గర ఇంత అన్నం పెట్టి, కల్లు చుక్క పోస్తే సైతాను పని ఎలా అవుతుంది? కొవ్వొత్తికి ఉన్న గౌరవం కందిగింజకు ఎందుకు లేదు?

ఈ మాటలు విని సంబరపడేవాళ్లకూ ఒకటి చెప్పాలి. క్రైస్తవులైన గిరిజనులను ఎస్టీ జాబితా నుంచి తీసేయాలని అడిగేవాళ్లతో మాకు పొత్తు లేదు. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో మతం షరతు ఉంది, షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో లేదు. చర్చికి వెళ్లిన సవర సవరే. మన కొండదేవతకు పల్లపు దేవుళ్ల పేరు తగిలించి, మన పెద్దలను మరొకరి స్వర్గనరకాల లెక్కలోకి తోయడం కూడా ఈ బోధకుడు చేసిన పనే.

టీచర్లకు మా మనవి. 1931లో గిడుగు రామమూర్తి సవర భాషా వ్యాకరణం అచ్చువేయించారు. 1936లో మంగయ్ గొమాంగో సవరకు లిపి తయారుచేసి, ఒక్కో అక్షరాన్ని ఒక్కో సోనుం పేరుతో ముడిపెట్టాడు. అంత పని మనం చేయలేకపోయినా, బడిలో ప్రతి పిల్లచేతా ఇంటి పెద్దల పేర్లు తెలిసినన్ని తరాలు రాయించగలం. పాస్టరు కొడుకూ రాయాలి, బుయ్య కూతురూ రాయాలి.

యువతకు మా మనవి. మన ఆచారాలను, గుర్తింపును కాపాడుకునే అధికారం 1996 నాటి పెసా చట్టం గ్రామసభకు ఇచ్చింది. సభ కూర్చోబెట్టి రెండు మాటలు తీర్మానించుకోండి. ఏ మతంవాడి శవాన్నీ ఊరి శ్మశానం దగ్గర ఆపకూడదు. చావింట్లో స్వర్గం, నరకం గురించి ఎవరూ తీర్పు చెప్పకూడదు. చనిపోయినవాళ్లు ఎక్కడున్నారో ఎవరి నమ్మకం వాళ్లది. వాళ్లను మోసుకుపోయే భుజాలు మాత్రం నాలుగూ మనవే కావాలి.