గుంపును సంఘమును

కార్తికమాసమునను, మాఘపూర్ణిమనాడును సముద్రస్నానము చేయుట మన తీరమున క్రొత్త గాదు. అయినను మన సముద్రము చలికాలమునందును గోరువెచ్చగానే యుండును. విశాఖపట్టణమువద్ద పుష్యమాసములో సహితము నీటి వేడిమి సుమారు 25 డిగ్రీలు గలదు. ఒడ్డున మంచు పేరుకొనియుండగా, ఎముకలు కొరుకు నీటిలో పనిగట్టుకొని వారము వారము దిగు జనులు కలరని విన్నప్పుడు మనము "అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల" అని నవ్వుదుము. వారివద్ద మనము నేర్చుకొనదగినది యొకటి కలదని నా యభిప్రాయము.

అమెరికాలోని న్యూయార్కు నగరమున కోనీ ఐలెండు అను సముద్రతీరము గలదు. 1903వ సంవత్సరమున బెర్నార్ మాక్‌ఫాడెన్ అను వ్యాయామ ప్రచారకుడు అచ్చట "పోలార్ బేర్ క్లబ్బు" అను సంఘమును స్థాపించెను. మంచుదేశపు తెల్ల యెలుగుబంటి పేరది. నవంబరు మొదలు ఏప్రిలు వరకు ఆదివారము మధ్యాహ్నము సభ్యులు కూడి, ఒక్కమారుగా నీటిలో దిగుదురు. నడిచలికాలమున ఆ నీటి వేడిమి 5 డిగ్రీలకు చేరువగా పడిపోవును. దిగినవారు చేతులు పట్టుకొని వలయముగా నిలుచుట వారి వాడుక.

ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున, బాండై తీరమున, 1929లో "ఐస్‌బర్గ్స్" అను సంఘము వెలసెను. సముద్రమున మునుగువారిని కాపాడు సేవకులు చలికాలమున తమ దేహదార్ఢ్యము సడలకుండుటకై దీనిని స్థాపించిరి. భూగోళమున వారిది దక్షిణార్ధము గనుక, మనకు మండువేసవియైన మే నెలలో వారి చలికాలపు ఈత ఆరంభమై సెప్టెంబరు వరకు సాగును. సముద్రపుటలలు వచ్చి నింపు కొలనులో వారు ఈదుదురు. అచ్చటి నీరు న్యూయార్కు నీటియంత చల్లనిది గాదు. నిబంధన మాత్రము కఠినము. సభ్యత్వము స్థిరపడవలెనన్నచో నాలుగు ఆదివారములలో మూడింటికి వచ్చి యీదవలెను. అట్లు అయిదేండ్లు గడపవలెను. "ఎంతసేపు చలి కోర్చితివి?" అని ఆ నిబంధన అడుగదు. "వచ్చితివా?" అని యడుగును.

ఈ క్రమమునకు గట్టి కారణము కలదు. చల్లని నీట దిగినంతనే, మనము కోరకయే, ఒక్క పెద్ద యూపిరి లోనికి వచ్చును. పిమ్మట రొప్పు పుట్టును. గుండె వడిగా కొట్టుకొనును. ఆ క్షణమున తల నీటిలో నున్నచో గాలికి మారుగా నీరే లోనికి పోవును. రెండు మూడు నిమిషములలో ఈ యదురు తగ్గును. పలుమారులు కొద్దికొద్దిగా దిగి యలవాటుపడిన వానికి అది చాల తక్కువగా నుండును. కాని నీరు అంతే చల్లనైన గాలికంటె సుమారు 25 రెట్లు త్వరగా దేహపు వేడిమిని లాగివేయును. క్రమముగా చేతులు కాళ్లు మొద్దుబారి, మంచి యీతగాడును ఈదలేకపోవును. లోపలి వేడిమి 35 డిగ్రీలకు దిగువకు పడినప్పుడు మాట తడబడును, బుద్ధి మందగించును. బుద్ధి మందగించినవానికి ఆ సంగతియే తెలియదు. "ఇక చాలును, బయటికి రమ్ము" అని చెప్పుటకు ప్రక్కన వేరొకడు ఉండవలెను.

ఇచ్చటనే గుంపునకును సంఘమునకును భేదము తెలియును. గుంపులో ఒకడు దుమికిన పదుగురును దుముకుదురు. వెనుదీసినవానిని పిరికివాడందురు. ఎందరు దిగిరో ఎవ్వరును లెక్కింపరు. ఎందరు తిరిగి రాలేదో ఒడ్డున మిగిలిన బట్టలు చెప్పవలసినదే. సంఘమనదగినచోట దిగుటకు ముందు లెక్క, వచ్చిన పిమ్మట లెక్క. అచ్చట ముందుగా బయటికి వచ్చినవానిని చూచి నవ్వువాడుండడు; వానికి తువాలు అందించువాడుండును.

మన తీరమున అంతటి చలి లేదు గాని వేరొక శత్రువు కలదు. ఒడ్డును తాకిన అలల నీరు సన్నని పాయగా గూడి వడిగా లోనికి మరలును. అలలు విరుగక నున్నగా కనబడు చోటే పలుమారు ఆ పాయ యుండును. అందు చిక్కి ఒడ్డువైపునకు ఎదురీదినవాడు అలసి మునుగును. ఒడ్డు పొడవునను ప్రక్కకు ఈదినవాడు పాయను దాటి బయటపడగలడు. ఈదలేనివాడు వెల్లకిల తేలుచు, చేయెత్తి పిలువవలెను. విశాఖపట్టణమునను, బాపట్ల దాపున సూర్యలంకయందును విహారమునకు వచ్చిన యువకులు మునిగి మరణించిన వార్తలను మనము ఎన్నిమారులు చదువలేదు? వారిలో పెక్కుండ్రు ఒంటరిగా పోయినవారు గారు. స్నేహితులతో గూడి పోయినవారే.

తలిదండ్రులారా, "నీటి దరికి పోవలదు" అను మాట మీ కన్నులయెదుట నిలుచును, విహారయాత్రనాడు నిలువదు. "ఈత వచ్చినవాడే మునుగును" అని పెద్దలందురు. అందు సత్యము లేకపోలేదు. ఈతతోపాటు కట్టుబాటు నేర్వనివానికి ఆ మాట చెల్లును. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కప్రకారము 2021వ సంవత్సరమున లోకమందు సుమారు 3 లక్షలమంది నీట మునిగి మరణించిరి. బడియీడు పిల్లలకు ఈతయు, నీటియెడ జాగ్రత్తయు నేర్పవలెనని ఆ సంస్థయే చెప్పుచున్నది. కావున మన పాఠశాలలయందు వ్యాయామముతోపాటు ఈతను, బాలబాలికల కిరువురకును, నేర్పవలెనని నా మనవి. ప్రతివారికిని ఒక జత యుండవలెను. ఈల వినబడగానే జతలు లెక్కకు నిలువవలెను.

విద్యార్థులారా, చలినీటిలో దిగుమని నేను మీకు చెప్పుట లేదు. రేపు మీ స్నేహితులు పదుగురు అలలవైపు పరుగెత్తునపుడు, "ఆగుడు, మనము ఎందరము?" అని యడుగువాడు ఒకడు కావలెను. వానిని వారు ఎగతాళి చేయవచ్చును. అయినను పదుగురును ఇల్లు చేరుదురు.